రాయి ఉన్నవారికి విటమిన్ మాత్ర మేలు చేస్తుందా?



మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చి బాధపడేవారు మన కుటుంబాలలో అనేకులు ఉన్నారు. నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగే ఆ నొప్పి ఎంత తీవ్రమైనదో అనుభవించినవారికే తెలుసు. ప్రసవవేదనకూ దానికీ పెద్ద తేడా లేదని రెండూ అనుభవించిన తల్లులు చెబుతుంటారు. రాయి పడిపోయిన తరువాత, లేక ఆసుపత్రిలో తీయించుకున్న తరువాత, "మళ్ళీ రాకుండా ఏమి చేయాలి?" అనే ప్రశ్న మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో ఒకరు వచ్చి, "యాంటీఆక్సిడెంట్ విటమిన్లు వాడండి, కిడ్నీలు బాగుపడతాయి" అని చెప్పి వెళతారు. మరునాడు మందుల షాపు నుండి ఒక సీసా ఇంటికి వస్తుంది.

గృహ సందర్శనలకు వెళ్ళినప్పుడు "అయ్యగారూ, ఈ సి విటమిన్ మాత్రలు రోజూ వేసుకోవచ్చునా?" అని నన్ను అడిగినవారు ఉన్నారు. నేను వైద్యుడను కాను. అయితే ఈ విషయంపై వైద్యులు, పరిశోధకులు తేల్చిన సంగతులను తేలిక మాటలలో మీ ముందు ఉంచడానికి ప్రయత్నిస్తాను. మందు విషయంలో చివరి మాట మీ డాక్టరుగారిదే అని గుర్తుంచుకొని చదవండి.

ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఏమిటి?

వంకాయ కోసి గాలికి వదిలేస్తే కాసేపటికి ముక్కలు నల్లబడతాయి. అందుకే మన ఇళ్ళలో వాటిని ఉప్పునీళ్ళలో వేస్తారు. ఇనుప మేకు వర్షంలో పడి ఉంటే తుప్పు పడుతుంది. ఈ రెండింటిలోనూ గాలిలోని ఆక్సిజన్ పనిచేస్తుంది. దీనినే ఆక్సీకరణ అంటారు.

మన శరీరంలోని ప్రతి కణమూ ఆక్సిజన్‌తోనే శక్తిని తయారు చేసుకుంటుంది. పొయ్యి వెలిగిస్తే మంటతో పాటు నిప్పురవ్వలు కూడా ఎగురుతాయి గదా! అలాగే కణాలలో ఈ పని జరిగేటప్పుడు కొన్ని చురుకైన పదార్థాలు పుడతాయి. వీటిలో ముఖ్యమైనవాటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. ఇవి పూర్తిగా చెడ్డవి కావు. రోగక్రిములను చంపడానికి మన తెల్ల రక్తకణాలు వీటినే ఆయుధంగా వాడుకుంటాయి. కాని మోతాదు మించితే కణాల పైపొరను, లోపలి భాగాలను అవే దెబ్బతీస్తాయి.

ఈ నిప్పురవ్వలను ఆర్పడానికి శరీరంలోనే కావలివారు ఉన్నారు. గ్లూటాథయోన్ అనే పదార్థము, కాటలేజ్ వంటి ఎంజైములు శరీరమే తయారు చేసుకునేవి. సి విటమిన్, ఇ విటమిన్, క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్ వంటివి ఆహారం ద్వారా వచ్చేవి. వీటన్నిటినీ కలిపి యాంటీఆక్సిడెంట్లు అంటున్నారు. రవ్వలు ఎక్కువై, ఆర్పేవారు తక్కువైన స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ఇక్కడ ఒత్తిడి అంటే మనసులోని దిగులు కాదు, కణాల మీద పడే భారము.

రాయికీ దీనికీ సంబంధము ఏమిటి?

మూత్రపిండాలలో వచ్చే రాళ్ళు అన్నీ ఒకటే రకము కావు. యూరిక్ ఆసిడ్ రాళ్ళు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వలన వచ్చే రాళ్ళు, అరుదుగా సిస్టిన్ రాళ్ళు ఉంటాయి. అయితే నూటికి డెబ్బయి ఎనభై వరకు కాల్షియం ఆక్సలేట్ రాళ్ళే. ఆక్సలేట్ అనేది పాలకూర, తోటకూర వంటి ఆహారంలోనూ ఉంటుంది, మన కాలేయంలోనూ తయారవుతుంది. నీరు తక్కువై మూత్రము చిక్కబడినప్పుడు కాల్షియం, ఆక్సలేట్ కలిసి సన్నని స్ఫటికాలుగా మారతాయి. ఉప్పునీటిని ఎండలో పెడితే అడుగున ఉప్పు పేరుకొన్నట్టే ఇదీ.

ఇటువంటి సన్నని స్ఫటికాలు రాళ్ళు లేనివారి మూత్రంలోనూ ఉండవచ్చు. చాలావరకు అవి మూత్రంతో పాటే కొట్టుకుపోతాయి. మరి కొందరిలో మాత్రమే అవి లోపల అంటుకొని ఎందుకు పెరుగుతాయి? 1937లో అలెగ్జాండర్ రాండల్ అనే అమెరికా వైద్యుడు మూత్రపిండం లోపలి కొసల మీద తెల్లని మచ్చల వంటి కాల్షియం పూతలను గమనించి, కొన్ని రాళ్ళు వాటినే పునాదిగా చేసుకొని పెరుగుతాయని చూపించాడు. అంటే లోపలి పొర బాగుంటే స్ఫటికాలు జారిపోతాయి, ఆ పొర దెబ్బతింటే అంటుకుంటాయి అనే ఆలోచన అప్పటి నుండి బలపడింది.

ఆ పొరను దెబ్బతీసేది ఏది? అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సయీద్ ఖాన్ అనే శాస్త్రవేత్త ఎన్నో సంవత్సరాలు ఈ విషయం మీదే పనిచేశారు. ఆక్సలేట్, దాని స్ఫటికాలు మూత్రనాళికల కణాలకు తగిలినప్పుడు ఆ కణాలలో ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయని ఇటువంటి పరిశోధనలు తెలిపాయి. వాటి వలన కణాల పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోట మరిన్ని స్ఫటికాలు అంటుకుంటాయి. అవి మళ్ళీ మరిన్ని రవ్వలను పుట్టిస్తాయి. ఒకదానిని ఒకటి పెంచుకుంటూ పోయే చక్రము ఇది.

మన పొరుగున ఉన్న మద్రాసు విశ్వవిద్యాలయంలో కూడా ఈ రంగంలో మంచి కృషి జరిగింది. అక్కడి ఆర్. సెల్వం గారు కాల్షియం ఆక్సలేట్ రాళ్ళలో కణపొరల కొవ్వు ఆక్సీకరణ చెందడము, యాంటీఆక్సిడెంట్ల పాత్ర అనే విషయాలపై 2002లో విపులమైన వ్యాసం ప్రచురించారు. ఆక్సలేట్ ఎక్కువ చేసిన ఎలుకలకు ఇ విటమిన్ ఇచ్చినప్పుడు వాటి మూత్రపిండాలలో స్ఫటికాలు పేరుకోవడము తగ్గినట్టు కూడా పరిశోధకులు గమనించారు. 1988 నుండి 1994 వరకు అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే లెక్కలను తిరిగి పరిశీలించి 2011లో ప్రచురించినప్పుడు, రాళ్ళు వచ్చినవారి రక్తంలో కెరోటిన్ జాతి పదార్థాలు తక్కువగా ఉన్నట్టు కనబడింది.

ఇంతవరకు చదివినవారు "అయితే విటమిన్ మాత్ర వేసుకోవలసిందే గదా!" అనుకుంటారు. ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. ఎలుకలో కనబడినది మనిషిలో కూడా అలాగే జరుగుతుందని చెప్పలేము. రక్తంలో కెరోటిన్ ఎక్కువ ఉన్నవారు పండ్లు, కూరగాయలు ఎక్కువ తినేవారే కావచ్చు. అప్పుడు మేలు చేసింది కెరోటిన్ ఒక్కటేనా, లేక ఆ కూరగాయలలో ఉన్న మిగతావన్నీ కలిసి మేలు చేశాయా అన్నది ఆ లెక్కల వలన తేలదు.

సి విటమిన్ శరీరంలో ఏమవుతుంది?

సి విటమిన్ మనకు తప్పక కావలసినది. అది లేకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు వస్తుంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు నారింజలు, నిమ్మపండ్లు ఇచ్చి ఆ జబ్బును తగ్గించిన సంగతి ప్రసిద్ధమే. అయితే ఎంత కావాలి? మన భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారము రోజుకు పురుషునికి 80 మిల్లీగ్రాములు, స్త్రీకి 65 మిల్లీగ్రాములు చాలు. ఒక పెద్ద జామకాయలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. 100 గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉన్నది.

మందుల షాపులో దొరికే చప్పరించే మాత్రలో సాధారణంగా 500 మిల్లీగ్రాములు ఉంటుంది. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే బిళ్ళలలో 1000 కూడా ఉంటుంది. రోజుకు రెండు మూడు వేసుకునేవారు ఉన్నారు. శరీరము తనకు కావలసినంత తీసుకొని మిగిలినది మూత్రములో వదిలేస్తుంది. "ఎక్కువైతే మూత్రంలో పోతుంది గదా, నష్టమేమిటి?" అని చాలామంది అంటారు. మామూలు మనిషి విషయంలో ఆ మాట చాలావరకు నిజమే కావచ్చు. కాని రాయి ఉన్నవారికి అసలు సమస్య ఆ మూత్రంలోనే ఉన్నది.

సి విటమిన్ శరీరంలో విరిగిపోయినప్పుడు దానిలో కొంత భాగము ఆక్సలేట్‌గా మారుతుంది. ఏ ఆక్సలేట్ రాయికి ముడిసరుకో, ఆ ఆక్సలేట్‌గానే మారుతుంది! 2005లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో 48 మందికి రోజుకు రెండుసార్లు 1000 మిల్లీగ్రాముల చొప్పున సి విటమిన్ ఇచ్చి మూత్రం పరీక్షించారు. వారిలో నూటికి నలభై మందికి మూత్రంలో ఆక్సలేట్ చెప్పుకోదగినంతగా పెరిగింది. మిగిలినవారిలో అలా జరగలేదు. ఎవరికి పెరుగుతుందో, ఎవరికి పెరగదో మనిషిని చూసి చెప్పలేము.

ఇంతకంటే పెద్ద పరిశీలన స్వీడన్ దేశంలో జరిగి 2013లో ప్రచురింపబడింది. అంతకుముందు రాళ్ళు లేని 23,355 మంది పురుషులను 11 సంవత్సరాలు గమనించారు. వారిలో సి విటమిన్ మాత్రలు మాత్రమే వాడినవారు 907 మంది, ఏ మాత్రలూ వాడనివారు మిగిలినవారు. మొత్తము 436 మందికి రాళ్ళు వచ్చాయి. మాత్రలు వాడిన 907 మందిలో 31 మందికి వచ్చాయి, అంటే నూటికి మూడు కంటే కాస్త ఎక్కువ. వాడనివారిలో నూటికి రెండు కంటే తక్కువ. వయసు మొదలైనవన్నీ సరిచూసి లెక్క వేసినా, వాడినవారికి ముప్పు సుమారు రెండింతలు ఉన్నట్టు తేలింది. 2016లో అమెరికా నుండి వచ్చిన మరొక పెద్ద పరిశీలనలో కూడా సి విటమిన్ మాత్రలు వాడే పురుషులలో రాళ్ళు ఎక్కువగా కనిపించాయి. స్త్రీలలో మాత్రము ఆ తేడా కనబడలేదు.

ఈ లెక్కలు చూసి ఎవరూ బెదిరిపోనక్కర లేదు. మాత్ర వేసుకున్న ప్రతివారికీ రాయి వస్తుందని వీటి అర్థము కాదు. నూటికి తొంభై ఆరుగురికి రాలేదు కూడా. కాని ఇవి రాళ్ళు లేనివారిని గురించిన లెక్కలు. ఒకసారి రాయి వచ్చినవారి శరీరము ఇదివరకే ఆ దారిలో ఉన్నది. అటువంటివారు పైన మరికొంత ముడిసరుకు వేసుకోవడములో వివేకము ఏమున్నది?

"అది మందు కాదండి, విటమినే!"

ఒక తాపీమేస్త్రీ గారి విషయము చెబుతాను. ఆయనకు అంతకుముందే ఒకసారి రాయి పడిపోయింది. 2021లో కరోనా రెండవ విడత నాటికి, అందరిలాగే ఆయన కూడా సి విటమిన్ మాత్రలు మొదలుపెట్టారు. కరోనా తగ్గినా మాత్రలు ఆగలేదు. "ఒంటికి మంచిదే గదా" అని ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటూ వచ్చారు. ఎండాకాలంలో మళ్ళీ నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చిన తరువాత నేను చూడడానికి వెళ్ళాను. డాక్టరుగారు "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే భార్యాభర్తలిద్దరూ "ఏమీ లేవండి" అన్నారు. ఆ పక్కనే సంచిలో మాత్రల సీసా ఉన్నది. నర్సమ్మ చూసి అడిగితే ఆ అమ్మ, "అది మందు కాదండి, విటమినే!" అన్నది.

ఆయనకు రాయి ఆ మాత్ర వల్లనే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. రోజంతా ఎండలో గోడ మీద నిలబడి పని, ఉదయము తాగిన టీ తప్ప మధ్యాహ్నము వరకు నీళ్ళు లేవు, అన్నంలోకి పచ్చడి. ఇవన్నీ రాయికి కారణాలే. డాక్టరుగారు సీసా చూసి, "ఇది ఆపేయండి, ఈ డబ్బుతో పండ్లు కొనుక్కోండి, పనిలోకి నీళ్ళ డబ్బా తీసుకువెళ్ళండి" అన్నారు. ఆయన పది రోజుల కూలి పోయింది. పిల్లవాని ఫీజుకు దాచిన డబ్బు స్కానింగులకు అయిపోయింది.

ఆ అమ్మ అన్న మాటలో మనందరి అభిప్రాయమూ ఉన్నది. సీసాలో అమ్మే విటమిన్ మందు కాదని, ఎంతైనా వేసుకోవచ్చునని, డాక్టరుకు చెప్పనక్కర లేదని అనుకుంటున్నాము. ఇది సరికాదు. ఇంకొక సంగతి కూడా ఉన్నది. సి విటమిన్ ఎక్కువగా వేసుకున్నప్పుడు, మూత్రంలో పట్టీ ముంచి చేసే పరీక్షలో రక్తము, చక్కెర ఉన్నా లేనట్టు చూపించే అవకాశమున్నది. డాక్టరుకు చెప్పకపోతే పరీక్ష కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ఎక్కువైతే ఇంకా మంచిదా?

"కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిది" అనే ఆలోచన ఎక్కడి నుండి వచ్చింది? రెండుసార్లు నోబెల్ బహుమతి పొందిన లైనస్ పాలింగ్ 1970లో సి విటమిన్, జలుబు గురించి ఒక పుస్తకము రాసి, పెద్ద మోతాదులను గట్టిగా సమర్థించాడు. అంతటి మేధావి చెప్పిన మాట గనుక లోకమంతా నమ్మింది. తరువాత జరిగిన పరీక్షలు ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు.

మిగిలిన యాంటీఆక్సిడెంట్ల సంగతి కూడా చూడండి. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తగ్గిస్తాయని ఆశించారు. తీరా చూస్తే ఆ మాత్రలు వేసుకున్నవారిలోనే క్యాన్సర్ నూటికి 18 వంతులు ఎక్కువగా వచ్చింది. ఇ విటమిన్ పెద్ద మోతాదులో ఇచ్చిన మరొక పెద్ద పరీక్షలో ప్రోస్టేట్ క్యాన్సర్ నూటికి 17 వంతులు పెరిగినట్టు 2011లో తేలింది. కూరగాయలో ఉన్నప్పుడు మేలు చేసే పదార్థమే, విడదీసి మాత్రగా చేసి పెద్ద మోతాదులో మింగితే అదే మేలు చేస్తుందన్న నమ్మకము లేదు. నిప్పురవ్వలను ఆర్పడానికి బిందెడు నీళ్ళు చాలు గాని, ఇంటి మీదికి చెరువు గట్టు తెంచుకోము గదా!

మరి ఏమి చేయాలి?

మొదటిది నీరు. ఇటలీలో మొదటిసారి కాల్షియం రాయి వచ్చిన 199 మందిని రెండు గుంపులుగా చేసి అయిదు సంవత్సరాలు గమనించారు. 1996లో ఫలితాలు వచ్చాయి. నీరు బాగా తాగమని చెప్పిన గుంపులో నూటికి 12 మందికి మాత్రమే రాయి తిరిగి వచ్చింది. ఆ సలహా ఇవ్వని గుంపులో 27 మందికి వచ్చింది. ఒక్క నీటితోనే సగానికి పైగా తగ్గింది! మూత్రము రోజుకు రెండున్నర లీటర్లు వచ్చేలా తాగాలని వైద్యులు చెబుతారు. అందుకు మూడు లీటర్లయినా తాగాలి, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ కావాలి. కొలత లేకపోయినా ఒక గుర్తు ఉన్నది. మూత్రము లేత రంగులో ఉంటే చాలినంత తాగుతున్నట్టు. ముదురు పసుపు అయితే చాలనట్టు. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి మూత్రానికి లేచినప్పుడు మరొక గ్లాసు తాగడము మంచిది. గుండె బలహీనత గాని, కిడ్నీ పనితీరు తగ్గడము గాని ఉన్నవారు మాత్రము డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి.

ఇక్కడ మన సంఘాలలోని రెండు అలవాట్లను గురించి చెప్పాలి. రాళ్ళు వచ్చినవారు ఎండాకాలంలో చుక్క నీరు తాగకుండా రోజంతా ఉపవాస ప్రార్థనలో ఉండడము ప్రమాదకరము. నీళ్ళు తాగుతూ ఉపవాసముండండి, లేక ఒక పూట మానండి. దానివలన మీ ప్రార్థన తక్కువైపోదు. రెండవది, కూటాలకు, పెళ్ళిళ్ళకు బయలుదేరినప్పుడు దారిలో మరుగుదొడ్డి ఉండదని మన అక్కచెల్లెళ్ళు ఉదయం నుండి నీళ్ళు మానేస్తారు. ఇది వారి తప్పు కాదు. కూటములు ఏర్పాటు చేసే పెద్దలు మైకు సెట్టు గురించి ఆలోచించినట్టే స్త్రీలకు మరుగుదొడ్డి గురించి కూడా ఆలోచించాలి. గల్ఫ్ దేశాలలో ఎండలో పనిచేసే మన అన్నదమ్ములకు ఫోను చేసినప్పుడు డబ్బు సంగతితో పాటు నీళ్ళ సంగతి కూడా అడగండి.

రెండవది నిమ్మరసము. నిమ్మకాయలోని సిట్రేట్ మూత్రంలో కాల్షియంను పట్టుకొని, అది ఆక్సలేట్‌తో కలవకుండా అడ్డుపడుతుంది. డాక్టర్లు కొందరికి పొటాషియం సిట్రేట్ మందు ఇచ్చేది కూడా ఇందుకే. నిమ్మకాయ నీళ్ళలో పిండుకొని తాగండి గాని ఉప్పు, పంచదార గుప్పెళ్ళతో వేయకండి.

మూడవది ఉప్పు తగ్గించడము, పెరుగు మానకపోవడము. "రాయిలో కాల్షియం ఉన్నది గనుక పాలు, పెరుగు మానేయాలి" అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. భోజనంలోని కాల్షియం పేగులలోనే ఆక్సలేట్‌ను పట్టుకొని మలంతో బయటికి పంపుతుంది. ఇటలీలోనే 120 మంది పురుషులపై జరిగి 2002లో ప్రచురింపబడిన పరీక్షలో, కాల్షియం తగ్గించిన 60 మందిలో అయిదేళ్ళలో 23 మందికి రాయి తిరిగి వచ్చింది. కాల్షియం మామూలుగా తీసుకొని ఉప్పు, మాంసము తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. గనుక పెరుగన్నము మానవద్దు. ఆవకాయ, అప్పడాలు, ఉప్పు చేపలు తగ్గించండి. ఆదివారము మాంసం కూర తింటే తినండి గాని వారమంతా ఆదివారము చేయకండి.

నాల్గవది ఆకుకూరలు, పండ్లు. కాల్షియం ఆక్సలేట్ రాయి అని తేలినవారు పాలకూర, తోటకూర, చుక్కకూర తరచుగా తినకుండా ఉంటే మంచిది. తిన్నప్పుడు పెరుగుతో పాటు తినండి. టమాటాను గురించి భయము అనవసరము, దానిలో ఆక్సలేట్ తక్కువే. యాంటీఆక్సిడెంట్లు కావాలంటే బొప్పాయి, మామిడి, బత్తాయి, కమలా, జామ, గుమ్మడి, క్యారెట్ ఉన్నాయి. "జామకాయలో కూడా సి విటమిన్ ఉన్నది గదా" అని మీరు అడగవచ్చు. ఉన్నది, అయితే రోజుకు ఒకటో రెండో తింటాము. దానితో పాటు నీరు, పొటాషియం, పీచు కూడా లోపలికి వెళతాయి. అమెరికాలో నడివయసు దాటిన 80 వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించి 2014లో ప్రచురించినప్పుడు, అంతకుముందు రాయి రానివారిలో పండ్లు, కూరగాయలు ఎక్కువ తిన్నవారికి రాళ్ళు తక్కువగా వచ్చినట్టు తేలింది.

కొండపిండి ఆకు, ఉలవకట్టు, అరటి దవ్వ రసము గురించి కూడా చాలామంది అడుగుతారు. పెద్దలు వాడుతూ వచ్చిన ఆహారము మితంగా తీసుకుంటే తీసుకోవచ్చు గాని, వాటిని నమ్ముకొని వైద్యం వాయిదా వేయకండి.

వీరు జాగ్రత్తగా ఉండాలి

కిడ్నీల పనితీరు తగ్గినవారు సి విటమిన్ పెద్ద మోతాదు అసలు వేసుకోకూడదు. ఆక్సలేట్ బయటికి పోలేక మూత్రపిండాలలోనే పేరుకొని వాటిని ఇంకా పాడు చేసిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. మరొక వైపు, డాక్టరు పరీక్ష చేసి ఏదైనా లోపానికి రాసిన విటమిన్లను ఈ వ్యాసము చదివి మానేయకండి. గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు తప్పక వాడాలి. తక్కువ మోతాదులో అన్ని విటమిన్లూ కలిసి ఉండే మాత్రల గురించి ఈ హెచ్చరిక కాదు. సొంతంగా కొనుక్కొని నెలల తరబడి వేసుకునే 500, 1000 మిల్లీగ్రాముల మాత్రల గురించే చెబుతున్నాను.

రాయి పడిపోతే దానిని పారవేయక, కడిగి కాగితంలో చుట్టి డాక్టరుకు ఇవ్వండి. అది ఏ రకము రాయో పరీక్షలో తెలుస్తుంది. మళ్ళీ మళ్ళీ వచ్చేవారు 24 గంటల మూత్రపరీక్ష గురించి అడగండి. మీలో ఆక్సలేట్ ఎక్కువా, కాల్షియం ఎక్కువా, సిట్రేట్ తక్కువా అన్నది దానిలో బయటపడుతుంది. ఒకరికి పనికివచ్చే సలహా మరొకరికి పనికిరాకపోవడానికి కారణము ఇదే.

నొప్పితో పాటు చలిజ్వరము వచ్చినా, మూత్రము ఆగిపోయినా, వాంతులతో నీళ్ళు కూడా నిలవకపోయినా తెల్లవారే వరకు ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రాయి అడ్డుపడిన మూత్రంలో చీము చేరితే ప్రాణానికే ప్రమాదము.

ఆక్సీకరణ ఒత్తిడి నిజమే, యాంటీఆక్సిడెంట్ల అవసరమూ నిజమే. కాని రాయి తిరిగి రాకుండా ఆపుతుందని మనుషులలో రుజువైన విటమిన్ మాత్ర ఈనాటికి లేదు. రుజువైనది మంచినీళ్ళే. గనుక ఇంట్లో రాళ్ళు వచ్చినవారు ఉంటే, ఈ పేజీ వారికి చదివి వినిపించండి. వారు వాడుతున్న సీసాలు, పొడులు, మాత్రలు అన్నీ ఒక సంచిలో వేసుకొని, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు బల్ల మీద పెట్టి చూపించండి. పనిలోకి వెళ్ళేవారి చేతికి అన్నం క్యారేజీతో పాటు నీళ్ళ సీసా కూడా ఇవ్వండి, సాయంత్రము అది ఖాళీగా తిరిగి వచ్చిందో లేదో చూడండి.